ఆది జాకెట్టును ఇక పక్కన పెడదాం

హనుమకొండలో గానీ, కరీంనగర్‌లో గానీ, సిరిసిల్లలో గానీ ఏ వీధిలోకి వెళ్లినా మిషను కుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. ఫాల్ కుడతారు, పికో చేస్తారు, వదులైనవి బిగిస్తారు, బిగువైనవి విప్పి వదులు చేస్తారు. కొత్త గుడ్డ ఇచ్చి, ఒంటి కొలతలు తీసుకొని కత్తిరించమంటే మాత్రం వారిలో చాలామంది వెనకాడతారు. "ఆది జాకెట్టు ఉంటే తీసుకురండమ్మా" అంటారు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెస్తే దాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కుట్టుకు కొంత వదిలి కత్తిరిస్తారు. ఇంట్లో తమకోసం కుట్టుకునేవారిదీ ఇదే పద్ధతి. మనకు కుట్టుపని వచ్చినవారికి కొదవ లేదు. కటింగ్ వచ్చినవారే తక్కువ.

ఇంట్లో కుట్టుకునేవారు తమ కొలతలతో తమ ప్యాటర్ను, అంటే గుడ్డ కత్తిరించడానికి ఆధారమయ్యే నమూనా గీత, తామే గీసుకోవడం నేర్చుకోవాలని, ఆ గీత ఇప్పుడు కంప్యూటర్ మీద నేర్చుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అయినా మన శిక్షణ కేంద్రాల్లో దాని ఊసే వినిపించదు. కంప్యూటర్ అనగానే అది పెద్ద కర్మాగారాల వ్యవహారమని, మిషను దగ్గర కూర్చునే మనకు సంబంధం లేదని అనుకుంటున్నాం. ఆ అభిప్రాయం మారాలనే ఇంత పొడవుగా రాస్తున్నాను.

ముందు ఆది జాకెట్టు సంగతి చూద్దాం. దానిలో ఉన్న లోపాలన్నీ కొత్త జాకెట్టులోకి యథాతథంగా వచ్చేస్తాయి. పాతది చంక దగ్గర లాగుతుంటే కొత్తదీ లాగుతుంది. పాతదాని భుజం జారితే కొత్తదీ జారుతుంది. పైగా కొన్నేళ్లు ఉతికిన గుడ్డ అసలు కొలతలో ఉండదు. నూలు బట్ట కొంత కుంచించుకుపోతుంది. క్రాస్ కటింగ్ జాకెట్టయితే ముందు భాగం ఏటవాలుగా కత్తిరించినది కనుక ఎక్కువగా సాగుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. డాట్లు, అంటే ఒంటి వంపు కోసం పెట్టే మడత కుట్లు, వేసి కుట్టిన జాకెట్టు ఒంటి ఆకారంలో ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని బల్ల మీద చదునుగా పరచడం అసలు సాధ్యమే కాదు. చేత్తో అదిమి పరిచి గీసిన గీతలో ఎక్కడో ఒకచోట ఉజ్జాయింపు తప్పదు. అనుభవం ఉన్న చేయి ఆ ఉజ్జాయింపును సర్దుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఎక్కడ సర్దాలో తెలియదు.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంటారు. వయసు మీద పడి వెన్ను పైభాగం గుండ్రంగా వంగింది. ఆమె ఏ జాకెట్టు తొడుక్కున్నా వెనుక నడుము దగ్గర పైకి లేస్తుంది, ముందు భాగం కిందికి వేలాడుతుంది. ఎప్పుడూ కుట్టించే చోట ఎన్నిసార్లు చెప్పినా, ఆదికి ఇచ్చిన దాని ప్రకారమే కుట్టామనే జవాబు వచ్చేదట. ఆమె నాతో అన్న మాట ఇది: "ఆ ఆది జాకెట్టు నేను నిటారుగా నడిచిన రోజులది బిడ్డా." ఆ మాటలోనే విషయమంతా ఉంది. వెన్ను వంగినప్పుడు మెడ వెనుక ఎముక నుంచి నడుము దాకా దూరం పెరుగుతుంది, ముందు మెడ గుంట నుంచి నడుము దాకా దూరం తగ్గుతుంది. ఛాతీ చుట్టుకొలత అంతే ఉన్నా జాకెట్టు ఆకారం మారిపోవాలి. ఆమె వెనుక పొడవు, ముందు పొడవు, వీపు వెడల్పు వేర్వేరుగా కొలిచి, స్క్రీను మీద గీసి కుట్టిన జాకెట్టు వెనుక లేవకుండా కూర్చుంది. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. అడగవలసిన కొలతలు అడిగితే బట్ట వినింది.

ఆది లేకుండా కటింగ్ నేర్పే చోట్ల కూడా ఇంకో రకమైన ఇబ్బంది ఉంది. మన దగ్గర ఎక్కువగా నేర్పేది ఛాతీ కొలత ఒక్కటి పట్టుకొని మిగతావన్నీ దాని నుంచి లెక్కగట్టే పద్ధతి. ఛాతీలో నాలుగో వంతుకు కొంత లూజు కలపాలి, చంక లోతుకు ఛాతీలో ఇన్నో వంతు తీసుకోవాలి, మెడ వెడల్పుకు ఇంకో వంతు. నోట్‌బుక్‌లో 32, 34, 36, 38 అని పట్టిక గీసి అంకెలు రాయిస్తారు. పరీక్షకు చదివినట్టు వాటిని బట్టీ పడతారు. నేను చాలాకాలం పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా జవాబులు మాత్రమే రాయించడం ఎంత నష్టమో నాకు బాగా తెలుసు.

ఛాతీ 36 అంగుళాలు ఉన్న ఇద్దరిని ఊహించండి. ఒకరికి చంకల కింద, రొమ్ముకు పైన కొలిస్తే 34½ వస్తుంది. అంటే ఎముక కట్టు విశాలం, రొమ్ము చిన్నది. రెండోవారికి అదే చోట 32½ వస్తుంది. భుజాలు సన్నం, వీపు ఇరుకు, రొమ్ము నిండుగా ఉంటుంది. 36 పట్టిక ఇద్దరికీ ఒకే జాకెట్టు గీస్తుంది. మొదటామెకు అది వీపు మీద బిగుస్తుంది. రెండోవారికి మెడ వెడల్పై భుజం జారుతుంది, ముందు చంక దగ్గర గుడ్డ సంచిలా ఉబ్బుతుంది. మన ఆడవాళ్లు ఆ జారుడును ఆపడానికి వెనుక మెడకు డోరీ కట్టుకుంటారు. లోతైన మెడ కావాలని కుట్టించుకున్నప్పుడు డోరీ అవసరమే. మామూలు మెడకూ డోరీ లేనిదే భుజం నిలవడం లేదంటే గీతలోనే ఎక్కడో తేడా ఉన్నట్టు. రొమ్ము పైన కొలతతో భుజాన్ని, చంకను గీసి, రొమ్ము నిండుదనాన్ని డాటులోకి పంపిస్తే ఇద్దరికీ ఇద్దరివిగా అమరుతాయి.

రెడీమేడ్ సైజుల కథ కూడా దీనికి దూరం కాదు. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబినేజర్ బటరిక్ అనే దర్జీ రకరకాల సైజుల్లో కాగితపు ప్యాటర్నులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ల చేతికి కటింగ్ అందించడంలో అది పెద్ద అడుగు. తర్వాత సైజులకు ఒక ప్రమాణం ఉండాలని 1939, 1940 సంవత్సరాల్లో అక్కడి వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది స్త్రీల ఒంటి కొలతలు తీయించింది. ఒక్కొక్కరి నుంచి 59 కొలతలు తీశారు. అయితే చివరి లెక్కల్లో తెల్లజాతి స్త్రీల కొలతలనే ఉంచారు. మిగతావారివి పక్కన పడేశారు. 1958లో అక్కడ వచ్చిన దుస్తుల ప్రమాణం ఆ కొలతల ఆధారంగా తయారైనదే. మన దేశంలో ఫ్యాషన్ విద్య నేర్పే నిఫ్ట్ సంస్థ 25 వేల మందిని స్కానర్లతో కొలిచి భారతీయ సైజుల పట్టిక తయారుచేసే పని చేపట్టింది. మంచి ప్రయత్నమే. కానీ ఎంత గొప్ప పట్టికైనా సగటు మనిషికి సరిపోతుంది. మిషను ఇంట్లోనే ఉన్న మనిషికి సగటుతో పనేమిటి? తన ఒంటి కొలత తన దగ్గరే ఉంది కదా.

ఇక సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తాను. వాలెంటీనా అని ఒక ప్రోగ్రాం ఉంది. ఉక్రెయిన్‌కు చెందిన రోమన్ తెలెజిన్‌స్కీ దాన్ని రాయడం మొదలుపెట్టారు. తర్వాత దాని నుంచి విడిపోయి సీమ్లీ 2డి అనే మరో ప్రోగ్రాం వచ్చింది. రెండూ ఉచితం, రెండింటి కోడూ అందరికీ అందుబాటులో ఉంటుంది. మామూలు విండోస్ కంప్యూటర్ మీద పనిచేస్తాయి. బెల్జియంలో పుట్టిన ఫ్రీసూయింగ్ ఇంకో దారి. దాంట్లో మనం గీయనక్కర లేదు, బ్రౌజరులో కొలతలు ఇస్తే ముందే రాసి ఉంచిన ప్యాటర్ను మన కొలతలకు తగ్గట్టు తయారవుతుంది. అయితే అందులో చొక్కాలు, ప్యాంట్ల వంటి పాశ్చాత్య దుస్తులే ఎక్కువ. చీర మీదికి జాకెట్టు కావాలంటే మనం గీసుకోవడమే మంచిది. అందుకే నేను సీమ్లీ వైపు మొగ్గుతాను.

అది పనిచేసే తీరు ఒక్కసారి అర్థమైతే మిగతాదంతా సాధనే. ముందు కొలతల ఫైలు ఒకటి తయారుచేస్తాం. ఛాతీ, రొమ్ము పైన, రొమ్ము కింద, నడుము, భుజం, వీపు వెడల్పు, వెనుక పొడవు, ముందు పొడవు, చేతి చుట్టు, ఇలా ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో అంకె. ప్యాటర్ను ఫైలు వేరుగా ఉంటుంది. అందులో ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు దూరం 9½ అని అంకె వేయవచ్చు గానీ అలా వేయకూడదు. ఛాతీని 4తో భాగించి అర కలపమని సూత్రం రాయాలి. ప్రతి గీతకూ ఇలా దాని కారణాన్ని జోడించుకుంటూ పోతే, రేపు కొలతల ఫైలు మార్చగానే జాకెట్టు మొత్తం తనంతట తానే తిరిగి గీసుకుంటుంది. నా కొలతలు తీసి మా అక్క కొలతలు పెడితే మా అక్క జాకెట్టు వస్తుంది. కాన్పు తర్వాత ఒళ్లు మారిన అమ్మాయి నాలుగు అంకెలు మార్చుకుంటే చాలు.

కాగితం మీద గీయడం దీనికంటే తేలిక కదా అని అడిగేవాళ్లకు చెయ్యి గురించి చెబుతాను. చంక గుండ్రానికీ, చెయ్యి పైభాగంలో ఉండే గుండ్రానికీ పొడవు సరిపోవాలి. చెయ్యి వైపు పొడవు చాలా ఎక్కువైతే భుజం మీద ముడతలు పడతాయి. తక్కువైతే చంక చుట్టూ లాగుతుంది. కాగితం మీద టేపును నిలువుగా పట్టి, వంపు వెంట మెల్లగా జరుపుతూ కొలవాలి. ఒకసారి 16¼ వస్తే ఇంకోసారి 16½ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వంపు పొడవూ అంకెగా కనిపిస్తుంది. ఆ అంకెను ఇంకో సూత్రంలో వాడుకోవచ్చు కూడా. ముందు చంక, వెనుక చంక రెండూ కలిపితే ఎంతో చూసి, చెయ్యి వంపును దానికి సరిపెడతాం. తర్వాత చంక లోతు పావు అంగుళం మార్చినప్పుడు చెయ్యి తేడా ఎంతో వెంటనే తెలిసిపోతుంది. చెయ్యి కూర్చోకపోవడమే ఇంట్లో కుట్టుకునేవాళ్లను ఏడిపించే ప్రధాన సమస్య. ఈ ఒక్కటి చాలు, కంప్యూటర్ ముందు కూర్చోవడానికి.

స్క్రీను మీద మనం లాగి వంచే ఆ వంపులకూ ఒక చరిత్ర ఉంది. 1960 ప్రాంతంలో ఫ్రాన్సులో కార్ల బాడీలను గీయడానికి సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే వేర్వేరుగా పనిచేస్తూ ఈ గణితాన్ని రూపొందించారు. కారు బానెట్ వంపును తీర్చిన లెక్కే మన జాకెట్టు చంకను తీరుస్తోంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. గణితానికి ఎవరి పని చిన్నది, ఎవరిది పెద్దది అన్న పట్టింపు లేదు.

కుట్టు మార్జిను దగ్గర మన అలవాటును మనం వదులుకోకూడదు. విదేశీ ప్యాటర్నుల్లో అన్ని అంచులకూ ఒకటే కొలత, సుమారు ఒక సెంటీమీటరో ఒకటిన్నరో, వదులుతారు. మనం పక్క కుట్టు లోపల అంగుళం, అంగుళంన్నర దాచుకుంటాం. ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు, చెల్లెలికి ఇవ్వవచ్చు. పట్టు జాకెట్టు పదేళ్లు బతకాలంటే ఆ మడత ఉండి తీరాలి. సీమ్లీలో ఒక్కో అంచుకు వేరే మార్జిను పెట్టే వీలుంది. పక్కలకు ఎక్కువ, మెడకు పావు అంగుళం, చంకకు అర అంగుళం, ఇలా మనకు కావలసినట్టు.

గుడ్డ మీద అమర్చే దగ్గర ఇంకో లాభం కనిపిస్తుంది. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. చీర పన్నా, అంటే వెడల్పు, ఎంతో దాని పన్నా అంతే. మోచేతి దాకా చేతులు కావాలి, చేతులకు అంచు రావాలి, ఒళ్లు కాస్త బొద్దుగా ఉంది అంటే ఆ ముక్కలో అన్నీ ఇమడ్చడం కష్టం. కత్తెర పెట్టాక చాలలేదని తెలిస్తే చేసేది ఏమీ ఉండదు. స్క్రీను మీద 80 సెంటీమీటర్ల గుడ్డను గీసి, భాగాలను తిప్పి తిప్పి చూసుకోవచ్చు. పోగు దిశ తప్పకుండా ఎక్కడ ఏది పడుతుందో, వీపు భాగాన్ని మధ్యలో అతకాలా, చేతిని రెండు అంగుళాలు తగ్గించాలా అన్నది గుడ్డ చెడకముందే తేలిపోతుంది.

ప్రింటు దగ్గర జాగ్రత్త చాలా అవసరం. ప్యాటర్నును ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి అతికించుకుంటాం. జాకెట్టుకు పది పదిహేను కాగితాలు పడతాయి. జిరాక్సు దుకాణంలో ప్రింటరు పేజీకి సరిపడేలా తగ్గించే సెట్టింగు మీద ఉంటుంది. అడగకపోతే అలాగే తీసేస్తారు. 36 ఛాతీకి లూజు కలిపి 38 వచ్చేలా గీసిన జాకెట్టు 96 శాతానికి తగ్గితే 36½ దగ్గర ఆగిపోతుంది. హుక్కులు పడినా ఊపిరాడదు. అందుకే మొదటి పేజీలో 10 సెంటీమీటర్ల చతురస్రం ఒకటి గీసి పెట్టుకోవాలి. ఆ ఒక్క పేజీని ముందు తీయించి, స్కేలుతో కొలిచి, సరిగ్గా 10 ఉంటేనే మిగతావి తీయమనాలి. పొడవైన కుర్తాకు ఏ4 ముక్కలు అతకడం విసుగు. ఇంజినీరింగ్ డ్రాయింగులు తీసే ప్లాటర్ ఉన్న చోట ఏ0 కాగితం మీద తీయిస్తే సరి. అది 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. 46 అంగుళాల కుర్తా నిలువున పట్టేస్తుంది. ఎన్‌ఐటీ ఉన్న ఊరు మనది, ఇంజినీరింగ్ పిల్లలు అడుగడుగునా ఉన్న ఊరు. ఎక్కడ తీస్తారో వాళ్లను అడిగితే చెబుతారు. ప్రింటు అసలే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. స్క్రీను మీద బిందువుల మధ్య దూరాలు చూసుకుంటూ బ్రౌన్ పేపరు మీద స్కేలుతో గీసుకోవచ్చు. వంపుల దగ్గర కాస్త ఓపిక పడితే చాలు.

టేపులో అంగుళాలు భిన్నాల్లో ఉంటాయి, కంప్యూటర్‌కు దశాంశాలు కావాలి. 9¾ అంటే 9.75, 9⅝ అంటే 9.625. పాత తరం వాళ్లకు ఇదొక్కటే కొత్తగా అనిపిస్తుంది. ఒక చీటీ మీద రాసి మానిటరుకు అతికించుకుంటే వారంలో అలవాటైపోతుంది.

ఇప్పుడు అభ్యంతరాలు. నేను గౌరవించే ఒక టైలరక్క ఉంది. మనిషిని చూసి, రెండు కొలతలు తీసి, గుడ్డ మీద నేరుగా సుద్ద పెట్టి గీసేస్తుంది. పట్టు తప్పదు. "నాకు కంప్యూటర్ ఎందుకు చెల్లే, నా చేతికి తెలుసు" అంది. నిజమే, ఆమెకు అవసరం లేదు. కానీ ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలు కాజాలు, హుక్కులు, హెమ్మింగు దగ్గరే ఆగిపోతున్నారు. ఆమె చేతికి తెలిసింది ఆమె నోటితో చెప్పలేకపోతోంది. ఎందుకు అక్కడ పావు అంగుళం లోపలికి గీశావక్కా అంటే, అలా వస్తేనే బాగుంటుంది అంటుంది. ఆ పావు అంగుళం వెనుక కారణం ఉంది. ఆమె పక్కన కూర్చొని, ఆమె గీసినదాన్ని కొలిచి, సూత్రంగా మార్చి ఫైలులో పెడితే ఆ విద్య ఇంకొకరికి అందుతుంది. సాఫ్ట్‌వేర్ ఆమెకు పోటీ అని నేను అనుకోను. ఆమె విద్యను రాసి పెట్టుకునే చోటు అది.

ఇంట్లో కంప్యూటర్ ఎక్కడుంది అంటారు. అందరి ఇళ్లలో లేదు, ఒప్పుకుంటాను. ఫోనులో సీమ్లీ పనిచేయదు. కానీ కాలేజీలో చదివే పిల్లలున్న ఇళ్లలో పాత ల్యాప్‌టాప్ ఒకటి మూల పడి ఉండడం మామూలే. ఈ పనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మెనూలన్నీ ఇంగ్లిషులో ఉంటే ఎలా అని భయపడతారు. మనకు రోజూ కావలసిన పరికరాలు కొన్నే. బిందువు, గీత, కోణం, వంపు, రెండు గీతలు కలిసే చోటు. బొమ్మలు చూసి గుర్తుపట్టవచ్చు. లెక్కలు రావు అనేవారికి మాత్రం నేను ఊరుకోను. పదో తరగతి చదివిన ప్రతి ఆడపిల్లా నిష్పత్తులు, కోణాలు, పైథాగరస్ సిద్ధాంతం చదివే బయటికి వచ్చింది. వాటిని ఎక్కడ వాడాలో ఎవరూ చూపించకపోవడమే లోపం. డాటు ఒక త్రిభుజం. భుజం వాలు ఒక కోణం. ఆ చదువు వృథా పోలేదని తెలిసిన క్షణాన వాళ్ల ముఖాల్లో వచ్చే ధైర్యం నేను చూశాను.

సాఫ్ట్‌వేర్ చేయలేని పనులు కూడా ఉన్నాయి, అవి దాచిపెడితే మోసం అవుతుంది. దానికి గుడ్డ తెలియదు. చేనేత నూలు ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో, జార్జెట్ కత్తెర కింద ఎలా జారుతుందో, జరీ అంచు ఎంత బిరుసుగా నిలబడుతుందో స్క్రీను చెప్పదు. క్లో, మార్వెలస్ డిజైనర్ వంటి కొరియా ప్రోగ్రాములు బొమ్మ ఒంటి మీద బట్ట పడే తీరును చూపిస్తాయి గానీ వాటికి డబ్బు కట్టాలి, మంచి కంప్యూటర్ కావాలి. ఇంటి కుట్టుకు వాటి అవసరం నాకు కనిపించలేదు. పాత నూలు దుప్పటితో ముందు ఒక ట్రయల్ జాకెట్టు కుట్టి తొడుక్కొని చూడటమే ఉత్తమం. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ ముడత పడుతోందో చూసి, గుండుసూదులతో సరిచేసి, ఆ సవరణను మళ్లీ కంప్యూటర్‌లో సూత్రంలోకి ఎక్కించాలి. చివరి మెట్టు వదిలేస్తే పడిన శ్రమ ఆ ఒక్క జాకెట్టుతోనే పోతుంది.

నెలనెలా డబ్బు కట్టే ప్రోగ్రాముల్లో ప్యాటర్నులు దాచుకోవద్దని కూడా చెబుతాను. డబ్బు కట్టడం ఆపిన రోజున మన ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు మన పెన్‌డ్రైవులోనే ఉంటుంది. కూతురికి ఇవ్వవచ్చు, పక్కింటివారికి ఇవ్వవచ్చు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఉండటానికి డబ్బు కూడా ఒక కారణం. ఏ దుకాణంలోనైనా, ఏ గార్మెంటు యూనిట్‌లోనైనా కత్తిరించేవారికీ, కుట్టేవారికీ మధ్య పెద్ద గీత ఉంటుంది. కటింగ్ మాస్టర్ మాట చెల్లుతుంది, ఆయనకు కూలి ఎక్కువ. ముక్కకింత చొప్పున కుట్టేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. పెద్ద కర్మాగారాల్లో ప్యాటర్ను విభాగం ఎప్పుడో కంప్యూటర్‌కు మారిపోయింది. కుట్టు లైన్ మాత్రం వేరే హాలులో ఉంటుంది. మన నేల మీద పత్తి పండుతుంది, ఎనుమాముల మార్కెట్టులో కుప్పలు పోస్తారు. 1934లోనే వరంగల్‌లో ఆజం జాహి మిల్లు వెలిసింది. అది మూతపడినా కొత్తవాడలో జంపఖానాల మగ్గాలు ఆగలేదు, సిరిసిల్లలో మరమగ్గాలు తిరుగుతున్నాయి, గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. పత్తి నుంచి గుడ్డ దాకా అన్నీ ఇక్కడ ఉన్నాయి. గుడ్డకు ఆకారం ఇచ్చే పని దగ్గరికి వచ్చేసరికి మన ఆడవాళ్లు వేరొకరు కత్తిరించి ఇచ్చిన ముక్కలు కుట్టేవారుగానే మిగిలిపోతున్నారు. దీన్ని నేను సహజం అనుకోలేను.

ప్రభుత్వ పథకాల ఆలోచన కూడా మిషను చుట్టూనే తిరుగుతుంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా ఇస్తారు, శిక్షణ కూడా ఉంది. మంచిదే. ఇటీవల రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించడం ఇంకా మంచిది. ఈ రెండింటికీ ప్యాటర్ను గీసే విద్య తోడైతే ఏమవుతుందో ఆలోచించండి. ఒకే చొక్కా ప్యాటర్నును సూత్రాలతో ఒకసారి గీసి పెట్టుకుంటే ఆరో తరగతి పిల్లవాడి కొలతలకూ, పదో తరగతి పిల్లవాడి కొలతలకూ అదే సరిపోతుంది. ఆ సంఘంలో ఒక్క మనిషికి ఈ విద్య వచ్చినా పిల్లలకు వేలాడే చొక్కాలు, బిగుసుకుపోయే చొక్కాలు తప్పుతాయి. మండలానికి ఒక కంప్యూటర్, ఒక ప్రింటరు, నేర్పే మనిషి ఒకరు ఉంటే చాలు. మూడు నెలల టైలరింగ్ కోర్సులో కనీసం రెండు వారాలు దీనికి కేటాయించాలని శిక్షణ కేంద్రాలు నడిపేవారిని కోరుతున్నాను. మొదట బ్రౌన్ పేపరు మీద చేత్తో గీయించండి, తర్వాత అదే గీతను స్క్రీను మీద గీయించండి. కాగితం మీద ఒక్కసారైనా గీయని మనిషికి స్క్రీను మీద గీతలు అర్థం కావు.

బతుకమ్మ దగ్గర పడుతోందంటే టైలర్ల దగ్గర జాకెట్లు గుట్టలు పడతాయి. సద్దుల రోజుకు ఇస్తామన్నది దసరా దాటాక ఇస్తారు. ఆ హడావుడి మొదలుకాకముందే నేర్చుకోవడం ఆరంభించాలనుకునేవారు ముందు జాకెట్టు జోలికి వెళ్లవద్దు. ఆరు ముక్కల లంగాతో మొదలుపెట్టండి. నాడా కట్టేది కనుక పైభాగానికి నడుము బదులు పిరుదుల కొలత తీసుకోవాలి. దాన్ని 6తో భాగించాలి, 40 అయితే ఒక్కో ముక్కకు దాదాపు 6.67 అంగుళాలు. కింది ఘేరు, అంటే అంచు చుట్టుకొలత, ఎంత కావాలో దాన్నీ 6తో భాగించాలి. పొడవు చీర కుచ్చెళ్ల కింద కనిపించనంత. నాలుగు బిందువులు, నాలుగు గీతలు, మూడు సూత్రాలు. కింది గీతను కాస్త వంచితే అంచు సమంగా పడుతుంది. దాన్ని ప్రింటు తీసి, చతురస్రం కొలిచి, పాత దుప్పటి మీద కత్తిరించి కుట్టండి. తర్వాత పిరుదుల కొలత ఎదురుగా ఇంట్లో ఇంకొకరి అంకె పెట్టి, ముక్క ఆకారం మారడం చూడండి. అది అర్థమయ్యాక జాకెట్టు వీపు భాగం గీయండి, ఆ తర్వాత ముందు భాగం, అన్నిటికంటే చివర చెయ్యి.